ధర్నాలో శ్రుతి తప్పింది: ఒక రసికుడి మనోవేదన

కళలు నేర్చుకునే పిల్లలు ధర్నా చేయడం తప్పని నేననను. అపశ్రుతిలో చేయడం మాత్రం ముమ్మాటికీ తప్పే. ఇది విజయనగరం. ఇంకే ఊళ్లోనైనా గొంతు చించుకుని అరిస్తే చెల్లుతుందేమో గానీ, 1919లోనే సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊళ్లో చెల్లదు. అయిదు తాళాలు ఒకేసారి నడిపించిన మహానుభావుడు తిరిగిన వీధులివి. అక్కడ ఒక్క తాళమైనా కుదరకుండా ‘వుయ్ వాంట్ జస్టిస్’ అంటూ ఊరేగితే, జస్టిస్ సంగతి తర్వాత, వినే చెవుల గతేమిటి?

ఈ మధ్య ఒక కళా విద్యాలయం పిల్లలు రోడ్డెక్కారు. ఏ విద్యాలయమో చెప్పను. చెబితే మా సాంస్కృతిక సంఘానికి ఇక ఆడిటోరియం ఇవ్వరు. పిల్లల కోరికలు మామూలువే: మాస్టార్లను వేయండి, హాస్టల్లో నీళ్లు రానివ్వండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని సర్టిఫికెట్లు ఆపకండి. ఇంత నీరసమైన సాహిత్యానికి ఏ వాగ్గేయకారుడూ వరస కట్టలేడు. అయినా రసికుడిగా నా బాధ్యత నాకుంది కదా. ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఆసాంతం విన్నాను.

ముందు మైకులో ‘వన్ టూ త్రీ’ అని శ్రుతి చేసుకున్నారు. సప్తస్వరాలు నేర్చినవాళ్లు, మూడు దగ్గరే ఆగిపోయారు. తర్వాత నాయకుడు ‘విద్యార్థుల ఐక్యత’ అని ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘వర్ధిల్లాలి’ అని అందుకున్నారు. ఛందస్సు తెలిసిన పాపానికి నా చెవి అక్కడే ఆగింది. వర్ధిల్లాలిలో వరసగా ముగ్గురు గురువులున్నారు. వీళ్ల మృదంగం క్లాసులో ఒక్కరూ లేరు. ఉన్న ఒకరిద్దరు వేరే సబ్జెక్టుల గెస్ట్ లెక్చరర్లు. అతిథి దేవుడితో సమానం అన్నారు పెద్దలు. దేవుడికి నెల నెలా జీతమిచ్చే ఆచారం ఎక్కడైనా ఉందా?

పోస్టులు ఖాళీగా ఉంచడంలో ఎంత దూరదృష్టి ఉందో పిల్లలకు తెలియదు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఈ ఊరి కాలేజీలో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విన్నవాళ్లు నువ్వు నేర్చుకునేదేముంది నాయనా అని ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారు. మళ్లీ అంతటి కుర్రాడు దరఖాస్తు పట్టుకుని ఏ రోజు వస్తాడో ఎవరికి తెలుసు? వచ్చేసరికి కుర్చీ ఖాళీగా లేకపోతే ఎంత అప్రతిష్ఠ! అందుకే పాలకులు ఆ కుర్చీలను ఏళ్ల తరబడి దుమ్ము కూడా దులపకుండా కాపాడుతున్నారు. తీరా అతనొచ్చాక నెట్ పాసయ్యావా అని అడిగి పంపించేస్తారనుకోండి, అది వేరే విషయం.

ఆ రోజు మొత్తం మీద నాకు నచ్చింది అధికారి గారి ప్రసంగం. మెట్ల మీద నిలబడి, చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, “ఘంటసాల గారు ఇదే ఊళ్లో జోలె పట్టుకుని, మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నారు. మీరు సాంబారు పల్చగా ఉందని టెంటు వేశారు” అన్నారు. నా కళ్లు చెమర్చాయి. ఆకలి వల్లే ఆయనకు ఆ గొంతొచ్చిందని మా సంఘం అధ్యక్షుడి సిద్ధాంతం. ఆ లెక్కన మన హాస్టల్ మెస్‌లన్నీ గాన గంధర్వులను తయారుచేసే కార్ఖానాలే. ఇంతలో వెనక నుంచి ఎవడో కొంటె కుర్రాడు, “ఆ ఘంటసాల గారే 1942లో క్విట్ ఇండియా అంటూ జైలుకెళ్లారండీ” అన్నాడు. సభామర్యాద తెలియని పిల్లవాడు. జోలె కథ విద్యార్థులకు చెప్పాల్సింది, జైలు కథ జయంతి రోజున దండ వేసి చెప్పాల్సింది. ఎక్కడ ఏది పాడాలో తెలియకపోతే విద్వత్తు ఎందుకు?

చిత్రకళ పిల్లలైతే నన్ను మరీ నిరాశపరిచారు. కుంచె పట్టుకోవడం వచ్చినవాళ్లు ఫ్లెక్సీ కట్టారు! అందులో డిమాండ్లు కింద ఓ మూల, పైన వరసగా సంఘం నాయకుల ఫొటోలు. విద్యార్థి ఎన్నికల మీద లింగ్డో కమిటీ చెప్పిన నియమాలను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. అభ్యర్థి 5,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు, అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అంటించాలి. దేశంలో ఫైన్ ఆర్ట్స్ వాళ్లు తిరుగులేకుండా గెలవడానికి ఇంతకన్నా అనువైన నియమం ఇంకోటి పుట్టదు. కాకపోతే మన రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు మానేసి దశాబ్దాలైంది. పోటీ లేనిచోట కుంచెకు పని లేదు, ఫ్లెక్సీ షాపుకు ఉంది.

అసలు నిరసన అనే కళలో తెలుగువాళ్లు ఎప్పుడో ఎక్కడికో వెళ్లిపోయారు. చెవుల్లో పువ్వులు పెట్టుకోవడం, ఒంటికాలి మీద నిలబడడం, కళ్లకు గంతలు, రోడ్డు మీద వంటావార్పు, దున్నపోతుకు వినతిపత్రం! ఇవన్నీ కనిపెట్టింది ఎవరు? కాంట్రాక్టు ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పంట నష్టపోయిన రైతులు. ఒక్కరూ నాటక శాఖలో చదవలేదు. దున్నపోతు పాత్ర ఎంపికలోనే ఎంత ఔచిత్యం ఉందో చూడండి. ఇక వినతిపత్రం విగ్రహానికి ఇచ్చే సంప్రదాయమైతే నాకు ప్రాణం. విగ్రహం మీటింగ్‌లో ఉందని ఎవరూ చెప్పరు, సోమవారం గ్రీవెన్స్‌కి రమ్మని తిప్పదు, కాగితం మీద కాఫీ కప్పు పెట్టదు. డిగ్రీ లేనివాళ్లు ఇంత చేస్తుంటే, కూచిపూడి డిప్లొమా చదివే పిల్లలు చాప మీద ఊరికే కూర్చుంటారా? నవరసాల్లో వీళ్లకు పట్టుబడింది నీరసం ఒక్కటే.

ఓపిక విషయంలో కూడా పుణె పిల్లల ముందు వీళ్లు చాలరు. 2015లో అక్కడి ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. గజేంద్ర చౌహాన్ గారిని ఛైర్మన్‌గా వేయడం వాళ్లకు నచ్చలేదు. ఆయనెవరు? టీవీ మహాభారతంలో సాక్షాత్తూ యుధిష్ఠిరుడు. ధర్మరాజు మీదే ధర్నా! చివరికి అక్టోబరులో పిల్లలు సమ్మె విరమించారు, 2016 జనవరిలో ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఆట మధ్యలో లేచిపోయే అలవాటు ధర్మరాజుకు ఎప్పుడూ లేదని పిల్లలు ముందే గ్రహించాల్సింది.

మళ్లీ మన కచేరీకి వద్దాం. రెండో రోజుకు టెంట్లు రెండయ్యాయి. కోరికలవే, మాటలవే, జెండాలు వేరు. ఒక టెంటు ‘నశించాలి’ అంటే పక్క టెంటు అరనిమిషం ఆగి, గొంతు పెంచి అదే ‘నశించాలి’ అనేది. ఇది జుగల్బందీ అనుకుని నేను తల ఊపబోయాను. కాదుట, రెండు సంఘాలకు పడదుట. 1936లో లక్నోలో ఏఐఎస్ఎఫ్ అనే విద్యార్థి సంఘం పుట్టింది, ఇక్కడ ద్వారం వారు ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటి నుంచి వయొలిన్‌కు నాలుగు తీగలే ఉన్నాయి. విద్యార్థి సంఘాలకు ఎన్ని చీలికలొచ్చాయో లెక్కపెట్టడం మానేశాను. టీ కొట్టు అప్పారావు మాత్రం, “ఏటి బాబూ, ఈ గుంటలు పొద్దున్నించి పాడతన్నారు, ఒక్క పాటా అవ్వట్లేదు” అన్నాడు. సంగీత విమర్శలో ఇంత సూటిదనం ఈ మధ్య నేనెక్కడా చూడలేదు.

తర్వాత పోలీసులొచ్చారు. ‘30 యాక్ట్ అమల్లో ఉంది’ అన్నారు. అంటే పోలీసు చట్టం 30వ సెక్షన్, అనుమతి లేకుండా ఊరేగింపులు, సభలు కుదరవని. దీని మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. మన కోట 1713 నాటిది, పోలీసు చట్టం 1861 నాటిది, సంగీత కళాశాల 1919 నాటిది. సిపాయిల తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లదొరలు నాలుగేళ్లలో రాసుకున్నది ఆ మధ్యది. కోట గోడలకు మరమ్మతు కావాలంటారు, కళలకు ప్రోత్సాహం కావాలంటారు. చట్టానికి మాత్రం సున్నం కూడా వేయక్కర్లేదు, తీసిన ప్రతిసారీ కొత్తగా పనిచేస్తుంది. వారసత్వ సంపద అంటే అదీ! సాయంత్రం దాకా పిల్లలను స్టేషన్ ఆవరణలో కూర్చోబెట్టారు. అక్కడ ఎవరికో పొద్దుపోక వర్ణం ఎత్తుకున్నారట. రైటరు గారు ఎఫ్ఐఆర్ పక్కన పెట్టి రెండోసారి పాడించుకున్నారని విన్నాను. కచేరీ మొత్తంలో శ్రుతిలో పడిన ఘట్టం అదొక్కటే. అది వినే భాగ్యం నాకు దక్కలేదు.

మూడో రోజు యాజమాన్యం కమిటీ వేసింది. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తనియావర్తనం మొదలవగానే జనం కాఫీకి లేస్తారు. కమిటీ వేయగానే విలేఖరులు లేచారు. ఆ కమిటీలో సంగీతం తెలిసిన వాళ్లు లేరని పిల్లలు గొడవ చేశారు. ఉంటే పక్షపాతం చూపిస్తారు కదా! నీళ్లు రాని హాస్టల్లో ఉండేవాళ్లను కూడా అందుకే తీసుకోలేదు. నివేదిక ఎప్పుడొస్తుందని అడిగితే, తనియావర్తనం ముగిసేది మృదంగ విద్వాంసుడు ముక్తాయింపు ఇచ్చాకే కదా అన్నారొకరు. మృదంగం పోస్టు ఖాళీగా ఉందని ముందే చెప్పాను.

మర్నాడు మా సంఘం తరఫున ఆ పిల్లలకు నాలుగు మంచి మాటలు చెబుదామని టెంటు దాకా వెళ్లాను. ఇంటర్ దాటిందో లేదో అన్నట్టున్న ఒకమ్మాయి నోట్‌బుక్, పెన్ను తీసుకుని పరుగున వచ్చింది.

“తాతగారూ, ఊళ్లో పెద్దలందరి దగ్గరా సంతకాలు తీసుకుంటున్నాం. మీరూ ఒకటి పెట్టండి.”

“చూడమ్మా, కళాకారులకు మేం ఎప్పుడూ శాలువా కప్పుతాం. సంతకాలు మా సంప్రదాయంలో లేవు” అన్నాను ఆప్యాయంగా.

“అయితే శాలువాలే ఇప్పించండి తాతగారూ. హాస్టల్లో దుప్పట్లు లేవు.”

శాలువాల ఖర్చు సన్మానాల పద్దు కింద వస్తుందనీ, సన్మానానికి కనీస వయసు అరవై అనీ ఆ అమ్మాయికి ఓపిగ్గా వివరించాను. ఆ పిల్ల అదంతా నోట్‌బుక్‌లో రాసుకుని, కింద నన్ను సంతకం పెట్టమంది.