తుప్పు లేకపోతే ధనుర్వాతం రాదా?

సార్వా దమ్ములు మొదలైనప్పటి నుంచి కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. "ధనుర్వాతం తుప్పు వల్లే వస్తుంది. తుప్పులేనిది గుచ్చుకుంటే భయం లేదు. రక్తం బాగా కారితే విషం పోయినట్టే. సున్నం, పసుపు కలిపి పెట్టి గట్టిగా కట్టు కట్టండి. చిన్నప్పుడు టీకాలు పడినవారికి మళ్లీ సూది అక్కర్లేదు." నాకు దీన్ని పంపినవారంతా చేలల్లో, తోటల్లో చెప్పుల్లేకుండా తిరిగేవారే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు తుప్పు సంగతి. కొబ్బరి ఒలుపు చూసినవారికి నేలలో నిలువుగా పాతిన గునపం గుర్తుంటుంది. రోజూ వందల కాయలు రాసుకుపోయే ఆ మొన వెండిలా మెరుస్తుంది, తుప్పు మచ్చుకైనా ఉండదు. కానీ కాయలు దొర్లింది పశువులను కట్టే తోటలో. కాయ డొక్కకు (పై పీచుకు) అంటిన మట్టి, ఎండుపేడ పొడి ఆ మొన మీదికే చేరతాయి. చెయ్యి జారి అది అరచేతిలో దిగితే?

ధనుర్వాతం తెచ్చేది క్లాస్ట్రీడియం టెటాని అనే కడ్డీ ఆకారపు బాక్టీరియా. దాని నివాసం మట్టి, పశువుల పేగులు. 1884లోనే జర్మన్ వైద్యుడు ఆర్థర్ నికొలాయర్ మట్టిని జంతువుల శరీరంలోకి ఎక్కించి ఈ జబ్బును రప్పించి చూపాడు. 1889లో కితసాతో అనే జపాన్ శాస్త్రవేత్త ఆ బాక్టీరియాను విడిగా పెంచగలిగాడు. సూక్ష్మదర్శినిలో అది కొసన గుండు ఉన్న డోలుపుల్లలా కనిపిస్తుంది. ఆ గుండే సిద్ధబీజం, అంటే గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే బాక్టీరియా రూపం. మరిగే నీటికి కూడా తట్టుకుని, మట్టిలో ఏళ్ల తరబడి ఉండగలదు. తుప్పు చేసేదల్లా తన గరుకుతో మట్టిని పట్టి ఉంచడమే. ఆ మట్టిని ఒంట్లోకి దింపడానికి వరికొయ్య చాలు, చెరువులో జెల్ల చేప ముల్లు చాలు.

రక్తం కారితే కొంత మట్టి కొట్టుకుపోవచ్చు, అంతవరకే. సిద్ధబీజం మొలకెత్తేది గాలి అందని చోట. రెండు చుక్కలు రాలి మూసుకుపోయే లోతైన పోటు దానికి మరీ అనువు. ఏ గాయాన్నైనా పారే మంచినీటితో, సబ్బుతో కడగాలి. లోపల ముక్కలు మిగిలితే తీయించాలి.

సున్నం మాట చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. సున్నం మాంసాన్ని కాలుస్తుంది. కాలి చచ్చిన మాంసానికి రక్తం అందదు, రక్తం లేనిచోట ప్రాణవాయువూ ఉండదు. ఈ బాక్టీరియాకు కావలసిన చోటును మన చేతులతోనే సిద్ధం చేసి, పైన గట్టి కట్టుతో మూసేస్తున్నాం! పసుపుకు సిద్ధబీజాన్ని చంపే శక్తి లేదు. ఒకప్పుడు పసికందుల బొడ్డుకు పేడ, బూడిద రాసేవారు. చక్కగా పాలు తాగే బిడ్డ వారం తిరిగేసరికి నోరు తెరవలేక, చన్ను పట్టలేక కొయ్యబారిపోయేది. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన పురుళ్లు వచ్చాకే ఆ చావులు తగ్గాయి. బాలింతల్లో, నవజాత శిశువుల్లో ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలన స్థాయికి తెచ్చిందని 2015లో గాని ధ్రువీకరణ రాలేదు.

ఇక టీకా. దాని రక్షణ కాలంతోపాటు తగ్గుతుంది. టీకాలన్నీ పడినవారికి కూడా, చివరి మోతాదు తర్వాత శుభ్రమైన చిన్న గాయానికైతే 10 ఏళ్లు, లోతైన గాయానికో మట్టి గాయానికో అయితే 5 ఏళ్లు దాటి ఉంటే మరో మోతాదు పడాలి. ఎన్ని పడ్డాయో తెలియని పెద్దవారికి మట్టి గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (విషాన్ని అడ్డుకునే సిద్ధమైన ప్రతిరక్షకాల సూది) కూడా కావాలి. ఆరు నెలలకోసారి పొడిపించుకోవాలన్న పాత నమ్మకమూ తప్పే. ధనుర్వాతానికి ఇప్పుడు వేసే టీడీ అనే టీకా సూది కంఠసర్పి నుంచీ కాపాడుతుంది.

సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో, ఒక్కోసారి గాయం మానాక, దవడ బిగుసుకోవడంతో ఇది బయటపడుతుంది. బాక్టీరియా విషం నరాల వెంట వెన్నుపామును చేరి, కండరాలను సడలించే సంకేతాలను ఆపేస్తుంది. వెన్ను విల్లులా వంగుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. నరాన్ని పట్టిన విషాన్ని విడిపించే మందు లేదు. దవడ పట్టేసినట్టు అనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఈ వారం మా తోటలో ఒలుపు. గునపం పక్కన బకెట్ నీళ్లు, సబ్బు పెట్టాం. చివరి సూది ఎప్పుడు పడిందో గుర్తులేదన్న ఇద్దరు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీడీ వేయించుకుని వచ్చారు. ఆ తర్వాతే మొదటి కాయ గునపం మీద పెట్టారు.