దుబాయ్ విమానం రెండున్నర గంటల్లో దిగదు

"దుబాయ్ వెళ్లడానికి రెండున్నర గంటలు, తిరిగి రావడానికి అయిదు. భూమి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి వెళ్లేటప్పుడు దుబాయే ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు హైదరాబాద్ దూరం జరుగుతుంది. పైగా చుట్టు తిప్పి డబ్బులు లాగుతారు." మా ఇచ్ఛాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. భూమి తూర్పుకి తిరుగుతుందన్న మాట తప్ప ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు.

ముందు ఆ రెండున్నర గంటల సంగతి. మా పిన్ని కొడుకు వెల్డింగ్ పనికి వెళ్లిన రోజు టికెట్ మీద హైదరాబాద్ 10:00, దుబాయ్ 12:30 అని ఉంది. పిన్ని పన్నెండున్నరకే ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఒంటిగంటైంది, ఒకటిన్నరైంది. అన్నం ముట్టలేదు. "విమానానికేమైనా అయిందేమో చూడరా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. రెండు దాటాక ఫోన్ మోగింది: "ఇప్పుడే దిగానమ్మా." విమానం ఆలస్యం కాలేదు. టికెట్ మీద 10 మన టైము, 12:30 దుబాయ్ టైము. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. వాళ్లకి పన్నెండున్నర అంటే మనకి రెండు. అంటే ప్రయాణం నాలుగు గంటలు.

తిరుగు టికెట్ చూడండి. రాత్రి 10కి దుబాయ్‌లో ఎక్కితే తెల్లవారుజామున 3కి హైదరాబాద్. పైకి అయిదు గంటలు, గంటన్నర తీసేస్తే మూడున్నర. మెసేజ్ చెప్పినదానికి పూర్తిగా తలకిందులు, వచ్చేటప్పుడే త్వరగా వస్తాం. దూరం రెండువైపులా సుమారు 2,550 కి.మీ.లే. పది కిలోమీటర్ల ఎత్తున ఏడాదిలో ఎక్కువ కాలం పడమటి నుంచి గాలి వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది.

భూమి తిరగడానికీ దీనికీ సంబంధం లేదు. విమానమూ దాని చుట్టూ ఉన్న గాలీ భూమితో పాటే తిరుగుతున్నాయి. పలాస ప్యాసింజర్ పరుగెడుతుంటే ఒక జీడిగింజ పైకెగరేయండి, మీ చేతిలోనే పడుతుంది, వెనక బోగీలో పడదు. మెసేజే నిజమైతే హైదరాబాద్ మీద గాల్లో ఊరికే నిలబడ్డ హెలికాప్టర్ కిందికి గంటన్నరలో దుబాయ్ రేఖాంశం వచ్చెయ్యాలి.

చుట్టు తిప్పడమా? ఇంధనం ఖర్చు కంపెనీ నెత్తినే పడుతుంది, ఊరికే ఎందుకు తిప్పుతారు? విమానంలో తెర మీద దారి గీత వంపుగా కనిపించేది మ్యాపు చదునుగా ఉండటం వల్ల. బడిలో గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం బిగించి లాగండి, ఉత్తర ధ్రువం వైపుగా పోతుంది. ఒక్కోసారి చుట్టుదారే ముందు చేరుస్తుంది కూడా. 2016లో ఎయిర్ ఇండియా ఆ విమానాన్ని అట్లాంటిక్ మీదుగా 13,900 కి.మీ. బదులు పసిఫిక్ మీదుగా 15,300 కి.మీ. నడిపితే గాలి తోడై దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి.

సింగపూర్ వెళ్లేవాళ్ల ఇళ్లలో లెక్క తిరగబడుతుంది, అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. విశాఖలో రాత్రి 11కి ఎక్కితే టికెట్ మీద 5:30 అని ఉంటుంది. మన గడియారం మూడు కొట్టేసరికే మీవాడు దిగిపోతాడు.