చెప్పులు విప్పరాదు

కలవారి అమ్మాయికీ లేనివారి అబ్బాయికీ మధ్య ప్రేమ పుడితే అందరూ వయసునో, సినిమాలనో, సెల్‌ఫోన్‌నో తిడతారు. అసలు దోషి మాత్రం దర్జాగా తప్పించుకు తిరుగుతోంది. చాలాకాలం పరిశీలించిన మీదట నేను తేల్చుకున్నదేమిటంటే, ఆ దోషి సముద్రం. దాని మీద తక్షణం తగిన చర్య తీసుకోవలసిందిగా సంబంధిత అధికారులకు ఇందుమూలంగా విన్నవించుకుంటున్నాను.

సమాజం ఎంత కష్టపడి చేసుకున్న ఏర్పాటండీ ఇది! పెద్దింటికి గేటుంది, గేటుకి వాచ్‌మన్ ఉన్నాడు. ఆఫీసులో క్యాబిన్ ఉంది. విమానంలో అందరూ ఒకే ఆకాశంలో వేలాడుతున్నా, ముందు సీట్లకూ వెనక సీట్లకూ మధ్య ఒక తెర లాగి మర్యాద కాపాడతారు. మరి సముద్రం దగ్గరో? గేటు లేదు, తెర లేదు. పైగా అక్కడికి పోగానే మనిషి చేసే మొదటి పని చెప్పులు విప్పడం.

కొంప మునిగేది ఇక్కడే. మనిషి అంతస్తు చాలావరకు చెప్పుల్లోనే ఉంటుంది. అవి విప్పాక ప్యాంటు మడుస్తాడు, ఇస్త్రీ పోతుంది. ఉప్పునీటికి భయపడి వాచీ తీసి జేబులో వేస్తాడు. పార్లర్లో గంటసేపు కూర్చుని దిద్దించుకున్న జుట్టునీ, దువ్వెన మొహం చూడని జుట్టునీ గాలి ఒకేలా చెరిపేస్తుంది. ఇక ఎదుటి మనిషి ఏ పాటివాడో పోల్చుకోవడం ఎలా? గత్యంతరం లేక మొహం చూస్తారు. మొహాలు చూసుకుంటే ఏమవుతుందో తెలిసిందే.

ఆ గాలి సంగతి కూడా చెప్పాలి. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది కాబట్టి నీటి మీంచి ఒడ్డుకు వీస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారుతుంది కాబట్టి ఒడ్డు నుంచి నీటి మీదికి వీస్తుంది. పూటకో వైపు తిరిగే ఈ గాలిని సాక్షిగా పెట్టుకుని జీవితాంతం మాట తప్పనని ఒట్లు! ఇక 'ఆ అనంతాన్ని చూడు' అని వేలెత్తి చూపించే అంచు, ఒడ్డున నిలబడ్డ మనిషి కంటికి అయిదు కిలోమీటర్ల లోపే. బస్సెక్కితే పావుగంట.

ఈ జాడ్యం ఇవాళ్టిది కాదు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే ఇంగ్లిష్ డాక్టరు గ్రంథుల జబ్బులకు సముద్రపు నీరే మందని, అందులో మునగడమే కాదు, తాగాలని కూడా పుస్తకం రాశాడు. పెద్దింటివాళ్లు బ్రైటన్ అనే సముద్రతీరపు ఊరికి క్యూ కట్టారు. అప్పటివాళ్లు మనకన్నా జాగ్రత్తపరులు, ఒప్పుకోవాలి. బట్టలు మార్చుకోవడానికి చక్రాల మీద ఓ కొయ్యగది ఉండేది. దాన్ని గుర్రం నీళ్లలోకి లాక్కెళ్తే, సముద్రం వైపు తలుపు తీసుకుని మెట్ల మీంచి దిగేవారు. ఒడ్డున ఉన్నవాడికి పాదం కూడా కనపడదు.

అంత చేసినా ఏమైంది? 1785లో ఇంగ్లండ్ యువరాజు జార్జ్, మరియా ఫిట్జ్‌హర్బర్ట్ అనే ఆవిడను రహస్యంగా పెళ్లాడాడు. ఆవిడ రాచబిడ్డ కాదు, పైగా క్యాథలిక్, అప్పటికే ఇద్దరు భర్తలను పోగొట్టుకుంది. రాజుగారి అనుమతి లేని పెళ్లి చెల్లదనే 1772 చట్టం సిద్ధంగా ఉంది కాబట్టి సరిపోయింది. పెళ్లి జరిగింది లండన్‌లో కదా, సముద్రం చేసిన పాపమేమిటని కొందరు వాదిస్తారు. బ్రైటన్‌లో ఆయనకో భవనం, దగ్గర్లోనే ఆవిడకో ఇల్లు ఎందుకున్నాయో వాళ్లే చెప్పాలి. 1795లో అప్పులు తీరే ఏర్పాటు మీద యువరాజు ఓ రాచకన్యను పెళ్లి చేసుకున్నాడు. వ్యవస్థ గెలిచింది. 1830లో పోయినప్పుడు మాత్రం మెడలో మరియా చిన్న చిత్రపటంతోనే సమాధి అయ్యాడు. ఎంత మంచి చట్టంలోనైనా ఇలాంటి లొసుగులు ఉంటాయి.

కథలు రాసేవాళ్లకూ ఇందులో వాటా ఉంది. వాళ్ల సముద్రంలో మునిగేది ఎప్పుడూ కలవారి అమ్మాయే, కాపాడ్డానికి దూకేది ఎప్పుడూ పడవ నడిపే కుర్రాడే. అదే కుర్రాడు మునిగితే పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి, కథ రాదు. నిజంగా వేటకెళ్లేవాడు చీకటితో లేచి పడవెక్కుతాడు, సాయంత్రానికి వల బాగుచేసుకుంటూనో కునుకు తీస్తూనో ఉంటాడు. కథలోవాడికి సూర్యాస్తమయం డ్యూటీ మాత్రమే. వాడి పడవ మీద అప్పుండదు, వలకి చిరుగుండదు, ఒంటికి చేపల వాసన ఉండదు. అమ్మాయి ప్రేమించేది సరిగ్గా ఇతన్నే, అంటే లేనివాణ్ణి. దీనికి నా అభ్యంతరం లేదు. ఇలాంటి లేనివాడితో ఏ తండ్రికీ టెన్షన్ ఉండదు.

ఉన్నవాడితోనే చిక్కు. కాబట్టి ఇసుక మొదలయ్యే చోట 'చెప్పులు విప్పరాదు' అని బోర్డు పెట్టాలి. తండ్రులకు పోటు లెక్కలు నేర్పాలి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు మరీ పైకొచ్చి, ఇసుక మీద జాగా తగ్గి, మనుషులు దగ్గరగా జరగాల్సి వస్తుంది. ఆ రోజుల్లో అమ్మాయికి జలుబు చేసిందని చెప్పడం మేలు.

ఈ దరఖాస్తు రాసేముందు స్వయంగా తనిఖీకి వెళ్లాను. బూట్లతోనే. ఒడ్డున రెండు జతలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మెత్తటి లెదర్ చెప్పులు. రెండోది మడమ దగ్గర అరిగి పల్చబడ్డ రబ్బరు చెప్పులు, ఒకదానికి తెగిన చోట పిన్నీసు. వాటి తాలూకు మనుషులు మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నారు. పెద్ద అల వచ్చింది. లెదర్‌వి నీళ్లు తాగి ఇసుకలో కూరుకుపోయాయి. రబ్బరువి తేలుకుంటూ పోయాయి. ఇద్దరూ నవ్వుతూ వాటి వెంట పడ్డారు. లెదర్ జత సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

అంతలో రోడ్డు మీద కారు ఆగింది. తెల్ల యూనిఫాంలో డ్రైవర్ దిగాడు, చేతిలో ఫోను. నాకు ప్రాణం లేచొచ్చింది. "మేడమ్, సార్ లైన్లో ఉన్నారు!" అని కేకేశాడు. అలల హోరులో ఎవరికి వినపడుతుంది? ఇసుక అంచున ఓ క్షణం తటపటాయించాడు. బూట్లు పాడైపోతాయనుకున్నాడేమో, వంగి లేసులు విప్పాడు. మేజోళ్లు మడిచి బూట్లలో పెట్టాడు. ప్యాంటు పైకి మడుచుకుని నీళ్లదాకా నడిచాడు.

అల వచ్చి అతని పాదాల మీదుగా పోయింది. ఇంకోటి వచ్చింది. అతను అమ్మాయి వైపు చూడటం లేదు. చేతిలో ఫోను "హలో, హలో" అంటూనే ఉంది.