ఆ భారం వైద్యం మోయగలదా?

అమెరికాలో ఏ బడిలోనో, ఏ థియేటర్‌లోనో కాల్పులు జరిగితే చాలు, మర్నాటికల్లా నాయకుల నోట ఒక మాట వస్తుంది: ‘ఇది మానసిక ఆరోగ్య సమస్య.’ ఆ మాటనే ఇక్కడ వాదానికి పెడుతున్నాను. సామూహిక హింసను ఆపాలంటే ముందు మానసిక వైద్యాన్ని బలపరచాలా? అవునని వాదించేది అక్కడ ఒక బడిని నడిపిన మాస్టారు. కాదనేది మనోవైద్యురాలు. వైద్యం తరఫున వైద్యురాలే నిలబడాలి కదా అని అనిపించవచ్చు. కానీ తమ వృత్తి మీద ఈ బరువు మోపడాన్ని గట్టిగా వ్యతిరేకించేవాళ్లు మనోవైద్యులలోనే ఎక్కువ. మాటలు నేను కల్పించినవి, ఘటనలూ అంకెలూ జరిగినవి.

మాస్టారు: డాక్టరు గారూ, ఒక కాగితం గురించి చెబుతాను. 2021 నవంబరు 30, మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు. పదిహేనేళ్ల పిల్లవాడు లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ వేసి, ‘ఆలోచనలు ఆగడం లేదు, నాకు సాయం చేయండి’ అని రాశాడు. టీచరు చూసింది, కౌన్సిలర్ చూశాడు, తల్లిదండ్రులను పిలిపించారు. నలభై ఎనిమిది గంటల్లోగా వైద్యుడికి చూపించమన్నారు. ఇంటికి తీసుకువెళ్లడానికి వాళ్లు ఒప్పుకోలేదు, పిల్లవాణ్ణి తిరిగి తరగతికి పంపారు. ఆ మధ్యాహ్నమే నలుగురు విద్యార్థులను చంపాడు. సాయం చేయమని వాడే రాసి ఇచ్చాడు. అంతకంటే స్పష్టంగా ఎవరు అడుగుతారు? ఆ గంటలో, ఆ బడిలోనే వైద్యం దొరికి ఉంటే?

డాక్టరు: కాగితం మీది మాటలు చదివారు, బొమ్మను వదిలేశారు మాస్టారూ. ఆ తుపాకీ తండ్రి నాలుగు రోజుల క్రితం కొన్నది. వాళ్లంతా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు అది పిల్లవాడి సంచిలోనే, ఆ గదిలోనే ఉంది. సంచి ఎవరూ తెరవలేదు. ఆ స్థానంలో నేనుంటే ముందు సంచి తెరిపించేదాన్ని, ఇంట్లో తుపాకీ ఉందా అని అడిగేదాన్ని, ఆ తర్వాతే పిల్లవాడి మనసు సంగతి. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ జైలు శిక్ష పడింది. ఆయుధాన్ని పిల్లవాడికి అందేలా వదిలేసినందుకు, కళ్లెదుట ఉన్న సూచనలను పట్టించుకోనందుకు.

మాస్టారు: ఆయుధం సంగతి నేను కాదనడం లేదు. దానికంటే ముందు మనిషి ఉన్నాడు అంటున్నాను.

డాక్టరు: ఆ మనిషి జబ్బుపడ్డవాడే అయి ఉంటాడని మీరు ముందే తీర్మానించుకున్నారు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ స్వాన్సన్ ఏళ్ల తరబడి ఈ లెక్క తేల్చారు. స్కిజోఫ్రెనియా వంటి తీవ్రమైన మానసిక వ్యాధులన్నీ రేపటికి నయమైపోయినా అమెరికాలో హింస తగ్గేది సుమారు నాలుగు శాతమే. మిగిలిన తొంభై ఆరు శాతం అలాగే ఉంటుంది. 2000 నుంచి 2013 దాకా బహిరంగ కాల్పులకు దిగిన 63 మంది గురించి ఎఫ్‌బీఐ 2018లో నివేదిక ఇచ్చింది. అంతకుముందు మానసిక వ్యాధి ఉందని వైద్యులు నిర్ధారించినది వాళ్లలో నాలుగో వంతు మందికే.

మాస్టారు: వ్యాధికి పేరు పెట్టలేదంటే బాధ లేదని అర్థమా? పేరు పెట్టడానికి ముందు వైద్యుడి దాకా వెళ్లాలి కదా! అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి 37 బడి దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. దాడి చేసినవాళ్లలో 78 శాతం మందికి అంతకుముందే ఆత్మహత్య ఆలోచనలో, ప్రయత్నాలో ఉన్నాయి. అయినా మానసిక పరీక్షకు వెళ్లినది మూడో వంతు మందే. చావాలనుకున్న పిల్లవాడు చంపేదాకా వచ్చాడు. ఈ దారి మధ్యలో మీ వైద్యానికి చోటు లేదంటారా?

(నన్నడిగితే మాస్టారి వాదంలో బలమంతా ఈ మాటలో ఉంది. వ్యాధి, హింస అనే రెండు మాటలను పక్కపక్కన పెట్టి ఎంతసేపు చర్చించినా, మధ్యలో ఉన్న ఆత్మహత్య అనే మాటను చాలామంది దాటవేస్తారు. అమెరికాలో తుపాకీ మరణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే.)

డాక్టరు: చోటు ఉంది. ఎవరు చంపుతారో ముందే చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. లెక్క వేసి చూడండి. పది లక్షల మంది పిల్లల్లో ఒక్కడు ఇలాంటి దాడి చేస్తాడనుకుందాం. నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష నా దగ్గర ఉందనుకుందాం. అలాంటిది లేదు, అయినా అనుకుందాం. అది ఆ ఒక్కణ్ణి పట్టుకుంటుంది, వాడితోపాటు ఏ పాపమూ ఎరుగని పదివేల మందినీ పట్టుకుంటుంది. ఆ పదివేల మందిని ఏం చేద్దాం? బడి మాన్పిద్దామా? పోలీసులకు పేర్లు ఇద్దామా?

మాస్టారు: మాట్లాడదాం. పదివేల మంది బాధపడే పిల్లలతో పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడితే వచ్చే నష్టమేమిటి?

డాక్టరు: మాట్లాడడంతో ఆగితే నష్టం లేదు. ఆగదు. 2012 డిసెంబరులో శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరవై మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయారు. నెల తిరిగేసరికి న్యూయార్క్ రాష్ట్రం చట్టం తెచ్చింది. హాని చేస్తారని అనుమానం ఉన్న రోగుల పేర్లు వైద్య సిబ్బంది ప్రభుత్వానికి అందజేయాలి. 2014 నాటికి ఆ జాబితాలో 34 వేలకు పైగా పేర్లు చేరాయి. వాళ్లలో తుపాకీ పర్మిట్ ఉన్నవాళ్లు మూడు వందల లోపే. మిగిలిన వేల మంది ఏం చేశారని వాళ్ల పేర్లు సర్కారు పుస్తకాలకు ఎక్కాయి? ఒకరోజు నిస్సహాయంగా ఆసుపత్రికి వెళ్లారు, అంతే. ఆ సంగతి తెలిశాక రెండోసారి ఎవరు వెళతారు? నా ఎదుట కూర్చున్న మనిషి నోరు విప్పడానికి భయపడితే వైద్యం అక్కడితో ముగిసినట్టే.

మాస్టారు: నోరు విప్పినప్పుడైనా మీవాళ్లు ఏం చేశారు? 1966 మార్చిలో టెక్సస్ విశ్వవిద్యాలయం విద్యార్థి ఒకడు ప్రాంగణంలోని మనోవైద్యుడి దగ్గరకు తనంతట తానే వెళ్లాడు. టవర్ ఎక్కి, వేట తుపాకీతో జనాన్ని కాల్చాలని అనిపిస్తోందని చెప్పాడు. వైద్యుడు రాసుకున్నాడు, వారం తర్వాత రమ్మన్నాడు. అతను రాలేదు. ఎందుకు రాలేదని వెతికినవాళ్లు లేరు. ఆగస్టు 1న అదే టవర్ ఎక్కాడు, చెప్పినంత పనీ చేశాడు.

డాక్టరు: అలాంటి ఆలోచనలు చెప్పేవాళ్లలో దాదాపు అందరూ చీమకైనా హాని చేయరు మాస్టారూ. తెలిసిన ఫలితం వైపు నుంచి వెనక్కి చూస్తే ప్రతి మాటా హెచ్చరికలాగే కనిపిస్తుంది.

మాస్టారు: ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది. అతను చేస్తాడని మీరు ముందే తెలుసుకోవాలని నేను అనడం లేదు. వారం తర్వాత రావలసినవాడు రాకపోతే ఒక ఫోను చేయాలి అంటున్నాను. దానికి జోస్యం అక్కర్లేదు. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. అక్కడి ఒక విద్యార్థికి ఆసుపత్రిలో చేర్చకుండా బయటి నుంచే వైద్యం చేయించాలని 2005 డిసెంబరులో న్యాయాధికారి ఆదేశించాడు. అది అమలయిందో లేదో ఎవరూ చూడలేదు. 2007 ఏప్రిల్ 16న 32 మందిని చంపాడు. తలా ఒక ముక్క తెలుసు: ఆచార్యులకు కొంత, సహవిద్యార్థులకు కొంత, పోలీసులకు కొంత. ముక్కలను ఒకచోట చేర్చినవాళ్లే లేరు. అందుకే వర్జీనియా 2008లో కళాశాలలకూ 2013లో బడులకూ ముప్పును అంచనా వేసే బృందాలను తప్పనిసరి చేసింది. ఉపాధ్యాయుడు, కౌన్సిలర్, పోలీసు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. పిల్లవాడు ఏ రకం మనిషి అని అడగరు. ఏం చేస్తున్నాడు, ఏం కావాలి అని అడుగుతారు.

డాక్టరు: ఆ బృందాలు మంచివే, అందులో నాకు పేచీ లేదు. కానీ అదే వర్జీనియా కేసులో రెండో సగం చెప్పండి. కోర్టు ప్రమాదకరమని తేల్చిన మనిషి దుకాణాల నుంచి రెండు తుపాకులు తెచ్చుకున్నాడు. ఆ ఆదేశం కొనుగోలుదారులను తనిఖీ చేసే జాబితాకు చేరనే లేదు. చేరి ఉంటే, రోగ నిర్ధారణ ఏదైనా సరే, దుకాణం వాడు లేదనేవాడు.

మాస్టారు: ఇంకోచోట కొనేవాడు.

డాక్టరు: కొనేవాడేమో. ఆలస్యమయ్యేది. ఆపదలో ఉన్న మనిషికి ఆలస్యమే ప్రాణం నిలుపుతుంది, నా వృత్తి నేర్పింది అదే. 1999లో కనెక్టికట్ రాష్ట్రం, ప్రమాదంలో ఉన్న వ్యక్తి దగ్గరి తుపాకులను కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తీసేసే చట్టం తెచ్చింది. అక్కడ అలా తీసేసిన ప్రతి పది ఇరవై కేసులకు ఒక ఆత్మహత్య తప్పిందని పరిశోధకులు లెక్కగట్టారు. జబ్బు పేరు అడగని చట్టం అది. 2014లో కాలిఫోర్నియాలోని ఐలా విస్టాలో అటువంటి చట్టం లేదు. అక్కడ ఒక యువకుడి తీరు చూసి అతని తల్లి భయపడింది, ఆ కబురు పోలీసుల దాకా వెళ్లింది. వాళ్లు గుమ్మం దగ్గర నిలబడి అతనితో మాట్లాడారు. మర్యాదగా జవాబులిచ్చాడు, వెళ్లిపోయారు. గది వెతికి ఉంటే ఆయుధాలు దొరికేవి. కొద్ది వారాలకు ఆరుగురిని చంపాడు. అతనికి చిన్నప్పటి నుంచీ వైద్యం అందుతూనే ఉంది మాస్టారూ. వైద్యానికి లోటు లేని ఇల్లు అది.

మాస్టారు: (కొంచెం ఆగి) దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ లోటు ఉన్న ఇళ్లు ఎన్నో! 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఐదున్నర లక్షల మందికి పైగా ఉండేవారు. వాళ్లకు ఊళ్లలోనే వైద్యం అందిస్తామని 1963లో కెనడీ చట్టం చేశాడు. ఆసుపత్రులను ఖాళీ చేశారు, కడతామన్న కేంద్రాల్లో దాదాపు సగమే కట్టారు.

డాక్టరు: అలా వీధిన పడ్డవాళ్లు దెబ్బలు తిన్నారు, జైళ్లలో మగ్గారు. సామూహిక హత్యలు చేసింది వాళ్లు కాదు. వాళ్ల కోసం అడగండి, వాళ్ల పేరుతోనే అడగండి. బడిలో 250 మంది పిల్లలకు ఒక కౌన్సిలర్ ఉండాలని అక్కడి కౌన్సిలర్ల సంఘమే చెబుతోంది. ఆ అర్జీ రాయండి, మొదటి సంతకం నాదే. పిల్లలు దిగులుతో ఉన్నారు, నిద్రపోవడం లేదు, చావాలనుకుంటున్నారు అని రాయండి. కాల్పుల మాట మాత్రం అందులో పెట్టకండి. పెడితే నా రోగులందరినీ అనుమానితుల వరుసలో నిలబెట్టినట్టే.

మాస్టారు: కాల్పుల మాట లేకుండా ఏళ్ల తరబడి రాశాను డాక్టరు గారూ. ఒక్కరూ చదవలేదు.