‘భర్త సొమ్ముతో కాలక్షేపం’ అన్న మాటకు జవాబు

చెన్నై తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక సందేశం తిరుగుతోంది. చిన్న వ్యాపారాలు చేసే ఆడవాళ్ళంతా కలిగినింటివాళ్ళేననీ, పెట్టుబడి భర్తదేననీ, అది చాలకపోతే బ్యాంకులే పిలిచి అప్పిస్తున్నాయనీ దాని సారాంశం.

మొదటి మాట చూద్దాం. సూరత్ చీరలు తెప్పించి ఫోనులోనే అమ్ముకునే అన్నానగర్ ఇల్లాళ్ళు ఉన్నారు, కాదనను. అయితే 2013-14 నాటి ఆరవ ఆర్థిక గణన ప్రకారం దేశంలో స్త్రీలు నడిపే సంస్థలు సుమారు 80 లక్షలు. రాష్ట్రాలలో తమిళనాడుదే మొదటి స్థానం. స్త్రీల సంస్థలలో నూటికి 83 చోట్ల జీతానికి పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు. వండేదీ, అమ్మేదీ, గిన్నెలు తోమేదీ యజమానురాలూ ఆమె ఇంటివాళ్ళే అయినప్పుడు దానిని కాలక్షేపమని ఎలా అనగలిగారో!

పెట్టుబడి సంగతి మరీ లోతైనది. నూటికి 79 సంస్థలు సొంత డబ్బుతోనే నడుస్తున్నాయని అదే గణన చెబుతోంది కనుక, సందేశం రాసినవారు తమ వాదనే నెగ్గిందనుకోవచ్చు. ఆ ‘సొంతం’ ఎక్కడిదో అడగాలి. పాత వాషర్‌మన్‌పేటలో మా వీధి మొదట్లో ఇడ్లీలు వేసే అక్క తెల్లవారుజామున మూడింటికి లేస్తుంది. మూటలు మోసి నడుము పోగొట్టుకున్న భర్త ఆరేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఆయన మందులు కూడా ఇడ్లీ డబ్బులలోంచే రావాలి. మినపప్పు ధర పెరిగిన నెలలో పెట్టుబడి ఎలాగని అడిగితే, “నా కమ్మలు సేటు కొట్లోనే కాపురముంటాయి, పండక్కి మాత్రం ఇంటికొస్తాయి” అంది.

ఇక బ్యాంకు అప్పు. 2015లో వచ్చిన ముద్ర పథకం చాలామంది స్త్రీలకు అందింది, నిజమే. కాని అందులో తొలి మెట్టయిన ‘శిశు’ అప్పు 50,000 రూపాయలు దాటదు. కాగితాలు సమకూరనివారు డైలీ ఫైనాన్స్‌కే పోతారు. పదివేలని రాసుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. అసలు రోజురోజుకూ తీరుతూ వస్తుంది కనుక, లెక్కగడితే వడ్డీ ఏడాదికి నూటికి 75 దాటుతుంది. పిలిచి అప్పిస్తున్నారన్న మాటలో పిలవడం వరకు మాత్రం నిజం: వసూలు కుర్రాడు రోజూ పదకొండింటికి బండి ఆపి, అక్క పొయ్యి ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు.