ఆకాశంలో చుక్కలు, టీవీలో గ్రహాంతరవాసులు
తిరుపతి మీదుగా రాత్రిపూట చుక్కల వరుసొకటి రైలుపెట్టెల్లా సాగిపోతే చాలు, తెల్లారేసరికి టీవీవాళ్ళు ఆ మసక వీడియోకు ఎర్రటి వలయం చుట్టి, దెయ్యాల సినిమా సంగీతం జోడించి, "గ్రహాంతరవాసులు వచ్చేశారా?" అంటూ గంటసేపు సాగదీస్తారు. ఆ ప్రశ్నార్థకమే వాళ్ళకు రక్ష. అబద్ధం చెప్పినట్టూ ఉండదు, నిజం వెతికే శ్రమా ఉండదు. అవి ఇంటర్నెట్ కోసం గుంపులుగా పంపే స్టార్‌లింక్ ఉపగ్రహాలు కావచ్చునని చెప్పగలవారు ఎక్కడో లేరు: వాతావరణాన్ని రాడార్లతో పరిశోధించే జాతీయ సంస్థ గాదంకిలో ఉంది, రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఇదే జిల్లాలో ఉంది. ఒక్క ఫోను చేయరు కానీ, చర్చకు మాత్రం జ్యోతిష్కుణ్ణి కూర్చోబెడతారు!

1947లో అమెరికాలోని రోస్వెల్ దగ్గర దొరికిన, గ్రహాంతరవాసుల నౌకవని ప్రచారమైన శకలాలు సోవియట్ అణుపరీక్షలను పసిగట్టేందుకు ఎగరేసిన బెలూన్లవేనని అమెరికా వైమానిక దళం 1994లోనే నివేదిక ఇచ్చినా, మన టీవీవాళ్ళకు అది నేటికీ 'బయటపడ్డ రహస్యమే'. 1961లో తమను గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్ళారన్న అమెరికా హిల్ దంపతుల కథను నెమరువేస్తారు గానీ, అందులో చాలా వివరాలు తర్వాతెప్పుడో హిప్నాసిస్‌లో, అంటే వైద్యుడు కలిగించిన మగతలాంటి స్థితిలో, వెలువడ్డాయన్న ముక్కను మింగేస్తారు.

ఇదంతా చూసి మా వీధి పిల్లలు చీకటి పడితే మేడెక్కడానికి జంకుతున్నారు. సాయంత్రానికి అదే పాత వీడియోను 'ఎక్స్‌క్లూజివ్' అని మళ్ళీ వేశారు.