చేతిపని అందరి చదువు కావాలి

పదో తరగతి ఫలితాలు రాగానే అనంతపురం కూడళ్లలో ఫ్లెక్సీలు వెలుస్తాయి. పిల్లల ఫొటోలు, పక్కనే 600కి ఎన్ని వచ్చాయో పెద్ద అంకెల్లో. ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చేయబోము. రాత్రులు మేలుకొని తెచ్చుకున్న మార్కులవి. కానీ ఫ్లెక్సీకి ఎక్కని పిల్లలకు ఏమీ చేతకాదని ఊరంతా తేల్చేయడాన్ని ఒప్పుకోలేం.

ధర్మవరం వెళ్లి చూడండి. పట్టుచీర అంచులో ఒక మామిడిపిందె తేలాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీయాలి. ఏ గడి దగ్గర ఏ పోగు లేవాలో లెక్కగట్టాలి. ఆ లెక్క ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి, వరుసగా కుట్టి, మగ్గం మీద పోగులను లేపే జకార్డు పరికరానికి ఎక్కించాలి. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఒక్కచోట తప్పితే ఆ తప్పు డిజైను మళ్లీ వచ్చిన ప్రతిసారీ కనబడుతుంది. ఇంత గణితం నడుస్తున్న ఇంట్లో పెరిగిన పిల్లవాడు లెక్కల పరీక్ష తప్పాడంటే, వాడికి తెలిసినదాన్ని అడగడం మన బడికి చేతకాలేదనే అనుకోవాలి.

అదే మండలంలో నిమ్మలకుంట ఉంది. మేకతోలును నానబెట్టి, గీకి, వెలుతురు దూరేంత పలచన చేసి, బొమ్మ గీసి, నగల చోట సన్నని చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. దేశం తలవంచి గౌరవించిన ఆ విద్యకు పదో తరగతి 600లో ఒక్క మార్కూ లేదు. డ్రాయింగు పీరియడ్లు ఉన్న బడుల్లోనూ పరీక్షలు దగ్గరపడితే మొదటి కోత వాటికే.

చేతిపని మాటెత్తగానే కొందరు పెద్దలు 1953ను గుర్తు చేస్తారు. సీమ అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పల్లె బడుల్లో ఒకపూట చదువు, మిగతా పూట ఇంటి వృత్తి అంటూ రాజాజీ ప్రభుత్వం పథకం తెచ్చింది. పిల్లల్ని కులవృత్తికే కట్టేస్తారా అని జనం తిరగబడ్డారు. 1954లో రాజాజీ తర్వాత ముఖ్యమంత్రి అయిన కామరాజ్ దాన్ని ఎత్తేశారు. ఆ కోపం న్యాయమైనది, ఇప్పటికీ న్యాయమైనదే. నేతన్న కూతురు డాక్టరు కావాలనుకుంటే ఏ మగ్గమూ ఆమెకు అడ్డు రాకూడదు. అందుకే మేం అడుగుతున్నది వేరు. మగ్గం పని ఆఫీసరు కొడుకూ నేర్చుకోవాలి, తోలుబొమ్మ డాక్టరు కూతురూ చేయాలి. మార్కులు రానివాళ్లను ఐటీఐకి తోసేద్దామనే ధోరణిలో కూడా ఆ పాత అవమానమే ఉంది. 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు తయారవుతున్నాయి. అక్కడ యంత్రం ముందు నిలబడి పనిచేసేవాణ్ని చదువు అబ్బనివాడని అనగలమా?

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు బ్యాగు లేని పది రోజులు పెట్టి, స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోమంది. మంచిదే, కానీ పది రోజుల్లో వేళ్లకు పని పట్టుబడదు. ఆరో తరగతి నుంచి వారానికి కనీసం రెండు పీరియడ్లు కావాలి. నేర్పేవారిని డిగ్రీ అడగకూడదు, జీతం మాత్రం మర్యాదగా ఇవ్వాలి. పిల్లలు చేసినదానికి వేసిన మార్కులు మొత్తంలో కలవాలి. జిల్లాలు విడిపోయి ధర్మవరం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది. రెండు జిల్లాల విద్యాశాఖలూ కలిసి కూర్చుంటే వచ్చే జూన్‌లో ఆ మండలం బడులతోనే మొదలుపెట్టవచ్చు. నేర్పగలవాళ్లు ఆ వీధుల్లోనే ఉన్నారు.